వినబడుట వేరు, తెలియుట వేరు

శంషాబాదు ప్రాంతమున సైన్సు పాఠములు చెప్పుకొను మా వంటి వారిని ఊరివారు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి ఉన్నది: "విమానాల మోతకు మా చెవులు పోతాయా సారూ?" 2008 మార్చిలో, నగరము నడుమనున్న బేగంపేట నుండి ప్రయాణికుల విమానములు ఇచ్చటికి తరలివచ్చిన నాటినుండి ఈ ప్రశ్న వినవచ్చుచున్నది. దీనికి ఒకే సమాధానము లేదు. మామిడిపల్లి వైపు తన ఇంటి అరుగుమీద కూర్చున్నవానికి ఒక సమాధానము; విమానము కడుపులోనికి పెట్టెలు ఎక్కించు మనిషికి మరియొక సమాధానము. ఈ భేదము బోధపడవలెనన్న మొదట శబ్దమును కొలుచు పద్ధతి కొంత తెలియవలెను.

శబ్దపు తీవ్రతను డెసిబెల్ అను మానముతో కొలుతురు. ఇది గజముబద్ద వంటిది కాదు. గజముబద్దమీద 20 అనగా 10కి రెట్టింపు. డెసిబెళ్ల లెక్కలో 10 పెరిగినచో శబ్దశక్తి పది రెట్లగును. 20 పెరిగినచో నూరు రెట్లగును. 3 పెరిగినంతమాత్రముననే దాదాపు రెట్టింపగును. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి మామూలుగా మాటలాడుకొనునప్పుడు సుమారు 60 డెసిబెళ్లుండును. అడ్డములేని బయలులో, శబ్దము పుట్టిన చోటునుండి దూరము రెట్టింపైనప్పుడెల్ల 6 డెసిబెళ్లు తగ్గును. ఒక ఇంజనుకు 10 మీటర్ల దూరమున 120 డెసిబెళ్లున్నవనుకొందము. 20 మీటర్లకు అది 114. 40 మీటర్లకు 108. ఇట్లు ఏడుమార్లు రెట్టింపు చేసికొనుచు పోయినచో 1,280 మీటర్ల యొద్ద 78 మిగులును. అదియు విమానము దాటిపోవు కొన్ని క్షణములు మాత్రమే.

కావున ఊరిలోనివారికి మొదటి సమాధానము: ఆ మోతకు నిద్ర చెడును, పిల్లల చదువు సాగదు, మాట మధ్యలో ఆగును. ఇవి చిన్న కష్టములని నేననను. కాని చెముడు సాధారణముగా రాదు. (పెండ్లి బరాతులో డీజే పెట్టె ప్రక్కన రెండు గంటలు నిలుచున్నచో వచ్చు ప్రమాదము ఇంతకంటె చాల హెచ్చు. ఆ సంగతి చెప్పిన నాడు మాత్రము సారును ఎవరును మెచ్చుకొనరు.)

రెండవ సమాధానము అంత ఊరటనిచ్చునది కాదు. రోజుకు ఎనిమిది గంటలు పనిచేయువాడు సగటున 85 డెసిబెళ్లకు మించిన శబ్దములో ఉండరాదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1998లో సిఫారసు చేసినది. అటుపై ప్రతి 3 డెసిబెళ్లకును కాలమును సగము చేయవలెను. 88 అయినచో నాలుగు గంటలు. 91 అయినచో రెండు గంటలు. 100 అయినచో పదునైదు నిమిషములు. ఇంజను దగ్గర మనము అనుకొన్న 120 డెసిబెళ్లకు ఈ లెక్క ప్రకారము వచ్చు కాలము తొమ్మిది సెకండ్లు!

అందుచేతనే విమానములు నిలుచు చోట పనిచేయువారికి చెవులలో పెట్టుకొను నురుగు బిరడలను, చెవులను కప్పు మఫ్లను ఇత్తురు. ఇచ్చుట ఒక ఎత్తు, పెట్టుకొనుట ఒక ఎత్తు. 30 డెసిబెళ్లు తగ్గించు మఫ్ ఒకటి ఉన్నదనుకొందము. ఎనిమిది గంటల డ్యూటీలో ఫోను మాటలాడుటకని, చెమట తుడుచుకొనుటకని, అక్కడక్కడ కలిపి ఒక్క అరగంట దానిని తీసివేసినాడనుకొందము. ఆ అరగంట ఎనిమిది గంటలలో పదునారవ వంతు. ఆ వంతు శబ్దశక్తి ఏ అడ్డును లేక నేరుగా చెవిలోనికి పోయినది. లెక్క కట్టిచూచినచో 30 డెసిబెళ్ల మఫ్ ఆనాడు 12 డెసిబెళ్ల మఫ్‌గా మారినది. సగము డ్యూటీ తీసివేసినచో, ఎంత ఖరీదైన మఫ్ అయినను దానివలన కలుగు లాభము 3 డెసిబెళ్లే. నా విద్యార్థులకు లాగరిథములు ఎందుకు పనికివచ్చునని అడిగినప్పుడు ఈ లెక్కనే ఇచ్చుచుందును.

చెవిలో జరుగునదేమి?

బయటి చెవినుండి లోనికి పోవు గొట్టము సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుండును. దాని కొనను కర్ణభేరి మూసియుండును. భేరి వెనుక సుత్తి, దాగలి, అంకవన్నె అను మూడు చిన్న ఎముకలున్నవి. అంకవన్నె పాదము లోపలి చెవి కిటికీమీద ఆనియుండును. భేరి వైశాల్యము ఆ పాదపు వైశాల్యమునకు సుమారు పదునేడు రెట్లు. కావున పెద్ద తోలుమీద పడిన ఒత్తిడి అంతయు చిన్న పాదముమీదికి చేరి బలపడును. గాలిలోని అల లోపలి ద్రవమును కదలించుటకు ఈ ఏర్పాటు అవసరము. లేనిచో చెరువు గట్టున నిలిచి నీటిలోని చేపను పిలిచినట్లుండును.

లోపలి చెవిలో నత్తగుల్లవలె రెండున్నర చుట్లు తిరిగిన నాళమున్నది. దీనిని కర్ణావర్తము అందురు. సాగదీసినచో మూడున్నర సెంటీమీటర్లుండును. దాని పొడవునను రోమకణములు వరుసలు తీరియున్నవి. లోపలి వరుసలో సుమారు 3,500 కణములు మెదడుకు వార్తలు పంపును. వెలుపలి వరుసలలోని 12,000 కణములు తామే సాగుచు, కుంచించుకొనుచు, మెల్లని ధ్వనులను పెద్దవి చేసి అందించును. శబ్దము వచ్చినప్పుడు ఈ నాళములోని పొర అలవలె కదలుననియు, ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క చోట అల ఎత్తుగా లేచుననియు కనుగొన్నవాడు హంగరీ దేశీయుడు గెయోర్గ్ ఫాన్ బెకెషి. బుడాపెస్టులో టెలిఫోను శాఖ ప్రయోగశాలలో ఉద్యోగము చేయుచు ఆయన ఈ పరిశోధన మొదలుపెట్టెను. 1961లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. కీచు స్వరములకు స్థానము కిటికీ దగ్గర. బొంగురు స్వరములకు స్థానము చుట్ల చివర.

శబ్దమువలన చచ్చు కణములు మొదట ఏ చోటివో తెలుసుకొనుట మనకు ముఖ్యము. సెకండుకు 4,000 కంపనముల స్వరమునకు సంబంధించిన చోట ముందుగా నష్టము కలుగును. దీనికి చెవిగొట్టమే కొంత కారణము. ఒకవైపు మూసిన గొట్టము తన పొడవుకు నాలుగు రెట్ల తరంగదైర్ఘ్యముగల స్వరమును పెద్దది చేయునని ఇంటర్మీడియట్‌లో చదివినవారికి జ్ఞాపకముండును. రెండున్నర సెంటీమీటర్ల గొట్టమునకు ఆ స్వరము సుమారు 3,400 కంపనములది. ఏ మోత వచ్చినను అందులోని ఈ భాగమును మన చెవియే బలపరచి లోనికి పంపుచున్నది. దెబ్బ దానికి కొంచెము పైభాగమున తగులును. పోయిన రోమకణములు మనుష్యులలో తిరిగి మొలవవు. డ్యూటీ దిగిన తరువాత చెవులలో గుయ్యిమని, తెల్లవారుసరికి తగ్గినచో "బాగైంది" అనుకొందురు. అదియు పూర్తిగా నిజము కాకపోవచ్చును. 2009లో అమెరికాలో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన పరిశోధనలో, వినికిడి మరల మామూలు స్థాయికి వచ్చినను, రోమకణములకు నాడికి మధ్యనున్న కలయికలు అనేకము శాశ్వతముగా తెగిపోయినట్లు తేలినది.

పాలా, కాలా, చాలా?

చెముడు వచ్చినవాని మొదటి ఫిర్యాదు "వినబడుట లేదు" అని ఉండదు. "వినబడుతుంది, కాని తెలియటం లేదు" అని యుండును. ఇంటివారు దీనిని నమ్మరు. నమ్మవలెను, అది అక్షరాల నిజము. మన మాటలో అచ్చులు బలమైనవి, తక్కువ పౌనఃపున్యము గలవి. క, చ, త, ప, స, శ వంటి హల్లులు బలహీనమైనవి. వానిలో చాల భాగము 2,000 కంపనములకు పైననే ఉండును. అచ్చులు గొంతు బలమునిచ్చును; అర్థభేదమును ఎక్కువగా హల్లులే తెచ్చును. తెలుగులో మాటలు సామాన్యముగా అచ్చుతో ముగియుటచేత ఈ చిక్కు మరింత హెచ్చు. "పాలు", "కాలు", "తాలు", "చాలు" అను నాలుగు మాటలను పలికి చూడుడు. మొదటి హల్లు తప్ప తక్కినదంతయు ఒకటే. ఆ హల్లు చెవికి అందనివానికి నాలుగును ఒకే మాట. కోడలు "పాలు కావాలా?" అని అడిగినచో మామగారు "కాలు బాగానే ఉందమ్మా" అనును. నవ్వువారు నవ్వుదురు. నాలుగుమార్లు నవ్వులపాలైన పెద్దమనిషి అయిదవమారు మాటలాడుటయే మానుకొనును.

"చెవిటివాని ముందు శంఖము ఊదినట్లు" అను సామెత ఈ రకపు చెముడునకు చెల్లదు. శంఖనాదము బలమైనది, ముఖ్యముగా తక్కువ పౌనఃపున్యము గలది; అతనికి అది చక్కగా వినబడును. వినబడనిది మనుమరాలు చెవి దగ్గర చెప్పు గుసగుస.

ఇంకొక వింత ఉన్నది. "గట్టిగా చెప్పు" అని అడిగినవాడే, గట్టిగా చెప్పగానే "ఎందుకట్లా అరుస్తావు?" అని కోపపడును. ఇది మొండితనము కాదు. మెల్లని ధ్వనులను పెంచు వెలుపలి రోమకణములు పోయినవి గనుక అవి వినబడవు. పెద్ద ధ్వనులకు ఆ కణముల సహాయము అక్కరలేదు గనుక అవి ఎప్పటివలెనే చెవిని తాకును. వినబడుటకును, బాధించుటకును మధ్యనున్న ఖాళీ ఇరుకైనది. కావున శబ్దమునంతటిని ఒకే తీరున పెంచి చెవిలో పోసినందువలన ఉపయోగము లేదు. మంచి వినికిడి యంత్రము ఏ స్వరమును ఎంత పెంచవలెనో అంతే పెంచి, పెద్ద ధ్వనులను అదుపులో పెట్టవలెను. దానిని అట్లు అమర్చుటకు ఒక మనిషి కావలెను.

ఎవరి యొద్దకు పోవలెను?

చెముడు ముఖ్యముగా రెండు రకములు. మొదటిది దారి మూసికొనిపోయినది: గులిమి గట్టిపడుట, భేరికి చిల్లు పడుట, చీము కారుట, చిన్న ఎముకలు బిగిసికొనుట. రెండవది రోమకణములదో, నాడిదో అయిన లోపము. కళాశాలలోని శ్రుతిదండముతోనే డాక్టర్లు ఈ భేదమును కొంతవరకు చూతురు. దండమును మ్రోగించి చెవి వెనుక ఎముకపై ఆనింతురు. తరువాత చెవి ముందర పట్టుదురు. ఎముకపై పెట్టినప్పుడే ఎక్కువ వినబడినచో దారిలో అడ్డమున్నదన్నమాట. అడ్డమును చాలసార్లు మందుతోగాని శస్త్రచికిత్సతోగాని తీయవచ్చును. అందుచేత మొదట చూడవలసినవారు చెవి, ముక్కు, గొంతు డాక్టరు. వేడినూనె, వెల్లుల్లి రసము చెవిలో పోయుట మాత్రము కూడదు. భేరికి చిల్లున్నచో అవి లోనికి పోయి కీడు చేయును. ఒక చెవి మూడు దినములలోపల ఉన్నట్లుండి వినబడకపోయినచో ఆ దినమే డాక్టరును చూడవలెను. కొందరికి వెంటనే ఇచ్చిన మందుతో వినికిడి తిరిగి వచ్చును. వారములు గడిచినచో ఆ అవకాశము సన్నగిల్లును.

శంషాబాదు నుండి పోదగిన ప్రభుత్వ స్థానములు రెండున్నవి. ఒకటి కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి. రెండవది సికింద్రాబాదు మనోవికాసనగరులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రము. 1983లో బొంబాయిలో స్థాపించిన ఈ సంస్థకు మన హైదరాబాదువాని పేరే పెట్టినారు. అలీ యావర్ జంగ్ ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా పనిచేసి, మహారాష్ట్ర గవర్నరుగా ఉండగా 1976లో మరణించెను. 

డాక్టరు మందుతో పోవు చెముడు కాదని తేల్చిన పిదప ఆడియాలజిస్టు, అనగా వినికిడిని కొలిచి యంత్రమును అమర్చు నిపుణుడు, అవసరమగును. ఇచ్చటనే జనులు ఎక్కువగా మోసపోవుచున్నారు. నా ఎరుకలో ఒక పెద్దాయన విమానాశ్రయమున చాలయేండ్లు సామాను ఎక్కించు పనిచేసెను. ఆయన ఒక దుకాణమునకు పోగా పావుగంటలో ఒక మిషను చేతబెట్టి పంపిరి. చెవిలోనికి తొంగిచూచినవాడు లేడు. మూసిన గదిలో పరీక్ష లేదు. ఆ మిషను పెట్టుకొన్న నాడు పళ్లెము మీద గరిటె తగిలినను పిడుగు పడినట్లుండెనట. రెండేండ్లు అది బీరువాలో ఉన్నది. తరువాత కుమార్తె బలవంతముమీద వేరొక నిపుణురాలి యొద్దకు పోయిరి. ఆమె భార్యను కూడ లోనికి పిలిచి కూర్చుండబెట్టి, "పెద్దాయనా, ఏ మాట వినలేక ఎక్కువ బాధపడుతున్నరు?" అని మొదట అడిగినదట. ఆయన చాలసేపు ఆలోచించి, "మా మనుమరాలు ఫోన్ల మాట్లాడేది" అనెను. యంత్రమును అమర్చుట అచ్చటనుండి మొదలైనది.

మంచి నిపుణుని గుర్తించుటకు ఆ ప్రశ్నయే చాలవరకు సరిపోవును. అయినను కొన్ని సంగతులు తెలిసియుండుట మేలు. 1992 నాటి చట్టము ప్రకారము ఈ వృత్తిలోనివారు భారత పునరావాస మండలిలో నమోదై ఉండవలెను. నంబరు అడుగుటలో తప్పు లేదు. పరీక్ష శబ్దము చొరని గదిలో, రెండు చెవులకును విడివిడిగా, గాలిద్వారాను ఎముకద్వారాను జరుగవలెను. స్వరములతోపాటు మాటలతోను పరీక్షింపవలెను. తెలుగువానికి తెలుగు మాటలతో. ఫలితమును ఆడియోగ్రామ్ అను గీతపటము మీద చూపి వివరింపవలెను. 20 డెసిబెళ్లలోపల గీత ఉన్నచో వినికిడి మామూలు; 35 వరకు స్వల్పలోపము; 50 వరకు మధ్యమము. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలోని హద్దులు. మోతలో పనిచేయువాడు పరీక్షకు ముందు కనీసము పదునాలుగు గంటలు మోతకు దూరముగా ఉండవలెను. కావున రాత్రి డ్యూటీ దిగి నేరుగా పరీక్షకు పోరాదు. సెలవుదినము మరునాటి ఉదయము పోవలెను. డ్యూటీ వేళలు అడుగని నిపుణునికి మనమే చెప్పవలెను.

యంత్రము పెట్టినపిమ్మట చెవిగొట్టములోనికి సన్నని మైకు గొట్టమును పంపి, భేరి దగ్గర నిజముగా ఎంత శబ్దము చేరుచున్నదో కొలుచు పద్ధతి ఉన్నది. అది చేయువారు దొరికినచో వారిని వదలుకొనరాదు. "పూర్వపు చెవులు వచ్చునని" చెప్పువానిని మాత్రము వెంటనే వదలవచ్చును. కండ్లజోడు పెట్టగానే అక్షరము స్పష్టమగును. వినికిడి యంత్రము అట్లు కాదు. ఏండ్ల తరబడి హల్లులు వినని మెదడు వానిని మరల పోల్చుకొనుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. మొదట ఇంటిలో ఒక్కరితో, తరువాత నలుగురిలో, ఆ తరువాత ఫంక్షన్ హాలులో. ఈ కాలములో మూడు నాలుగుమార్లు నిపుణుని చూచి సర్దుబాటు చేయించుకొనవలెను. ఆ రాకపోకలకు విసుగుకొననివాడే మనకు కావలసినవాడు. యంత్రపు ధరను అడుగునప్పుడే ఈ రాకపోకల సంగతియు అడుగవలెను.

పేదవారికి కేంద్రప్రభుత్వము 1981 నుండి ఆడిప్ పథకము క్రింద ఉపకరణములు ఇచ్చుచున్నది. అయితే దానికి 40 శాతము వైకల్యపు సర్టిఫికెట్టు కావలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమును బట్టి, మాటకు సంబంధించిన పౌనఃపున్యములలో రెండు చెవులకును 60 డెసిబెళ్ల నష్టమున్నగాని వినికిడి మందగించినవాడని లెక్కకు రాడు. కీచు స్వరములు మాత్రమే పోయి, పాలుకును కాలుకును భేదము తెలియని కార్మికుడు ఈ గీతకు ఇవతలనే మిగిలిపోవును. ఇది న్యాయముగా నాకు తోచదు.

ఇంటివారు చేయవలసిన పని ఖర్చులేనిది. మాట మొదలుపెట్టుటకు ముందు పేరుతో గాని వరుసతో గాని పిలువవలెను. వెలుతురు మన ముఖముమీద పడునట్లు నిలువవలెను. పెదవుల కదలికనుండి "ప" యో "క" యో కంటికి తెలియును. అరచినందువలన అచ్చులు పెరుగును గాని హల్లులు పెరుగవు. పైగా ముఖము వికారమై పెదవులు చదువుటకు వీలుపడదు. ఒకమారు అందని మాటను అదే మాటతో పదిమార్లు చెప్పక, వేరు మాటతో చెప్పవలెను. "పాలు" అందకపోయినచో "గ్లాసుల పోసిన పాలు తాగుతవా?" అనినచో ప్రక్కమాటల సహాయముతో అందును. టెలివిజన్ ఆపి మాటలాడినచో సగము చికిత్స అయినట్లే.

ఇంకను సర్వీసులో ఉన్నవారికి ఒక సంగతి. శబ్దమువలన కలుగు చెముడు 1948 నాటి ఫాక్టరీల చట్టపు వృత్తివ్యాధుల జాబితాలో చేరియుండెను; దాని స్థానమున వచ్చిన 2020 నాటి కోడులోను ఉన్నది. పనిలో చేరిన నాడు ఒక ఆడియోగ్రామ్, తరువాత ఏడాదికొకటి తీయించుకొని, ప్రతిదాని నకలును ఇంటిలో దాచుకొనవలెను. వానిని వరుసగా ప్రక్కప్రక్కన పరచి, 4,000 గీత యొద్ద గుంట ఏర్పడుచున్నదా, ఏటేట లోతగుచున్నదా అని చూచుటకు డాక్టరు కానక్కరలేదు.